‘నీ ప్రశ్న ఏంది?’ అని అడిగితే ఏం చెప్పాలి

ప్రశ్న: సార్, మాది నారాయణపేట జిల్లాలో మద్దూరు దగ్గర ఒక పల్లె. మా అమ్మానాయిన చాలా ఏండ్లు పుణె, బొంబాయి పనులకు పోయినోళ్లే. నేను, తమ్ముడు మా అవ్వ దగ్గర ఉండి చదువుకున్నం. ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్న. నా అంశం ‘పాలమూరు జిల్లాలో వలసలు: పిల్లల చదువుపై ప్రభావం’. పోయిన నెల సెమినార్‌లో ఆరు లక్ష్యాలు, ఎనిమిది పరికల్పనలు (హైపోథిసిస్‌లు) చదివిన. ‘ఇవన్నీ సరేగానీ, నీ ప్రశ్న ఏంది?’ అని ఒక మేడమ్ అడిగిన్రు. చెప్పలేకపోయిన. ఇంకో సార్ ‘నీ స్వతంత్ర చరం ఏది, ఆధారిత చరం ఏది’ అన్నరు. వయసు, లింగం, కులం, ఆదాయం అని రాసుకపోయిన గానీ వాటిల ఏది ఏదో తెల్వలేదు. పరికల్పనలు పాత థీసిస్‌లు చూసి రాసినవే, దాచిపెట్టను. శూన్య పరికల్పన తప్పనిసరిగా ఉండాల్నా? నాకు నిజంగా చేయాలని ఉన్నది మా ఊరి అవ్వలతోని కూర్చుని మాట్లాడుడు. దానికి పరికల్పన ఎక్కడినుంచి తేవాలె? పేరు వేయకండి సార్.
(ఒక పరిశోధక విద్యార్థిని, నారాయణపేట జిల్లా)

జవాబు:

అమ్మా, మేడమ్ అడిగిన ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మూడో వాక్యం మళ్లీ చదవండి. ‘నేను, తమ్ముడు మా అవ్వ దగ్గర ఉండి చదువుకున్నం.’ మీరు దాన్ని మీ గురించి చెప్పుకునే మాటగా రాసి ముందుకు పోయారు. నాకు మాత్రం మీ ఎనిమిది పరికల్పనల కంటే ఆ ఒక్క వాక్యంలోనే ఎక్కువ పరిశోధన కనిపించింది.

మీ తరగతిలో అమ్మానాయిన పనులకు పోయిన పిల్లలు ఇంకా ఉండే ఉంటారు. వాళ్లలో మీతోపాటు పదో తరగతి దాకా వచ్చింది ఎవరు? నడుమ ఆగిపోయింది ఎవరు? పేర్లు గుర్తు తెచ్చుకోండి. ఒకటే ఊరు, ఒకటే బడి, ఒకటే కరువు, కూలీలను పనికి తీసుకుపోయేది అదే గుంపుమేస్త్రీ. అయినా ఒక పిల్ల పీహెచ్‌డీ దాకా వచ్చింది. ఆమె పక్క బెంచీలో కూర్చున్న ఇంకో పిల్ల దసరా సెలవులకు పోయి మళ్లీ రాలేదు. ఆ తేడా దేనివల్ల వచ్చింది? మీ పరిశోధన ప్రశ్న అదే.

‘వలసలు: పిల్లల చదువుపై ప్రభావం’ అన్నది అంశం మాత్రమే. అంశానికి జవాబు ఉండదు, ప్రశ్నకే ఉంటుంది. వలస పోతే పిల్లల చదువు దెబ్బతింటుందని మహబూబ్‌నగర్ బస్టాండులో చాయ్ పోసే మనిషి కూడా చెబుతాడు. మూడేళ్లు తిరిగి, మూడువందల పేజీలు రాసి మీరు కూడా అదే చెబితే దాని వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. కానీ వలస పోయిన ఇళ్లలోనే కొందరు పిల్లలు ఎందుకు నిలబడ్డారు అన్నది ఆయన చెప్పలేడు. మండల విద్యాధికారికి కూడా తెలిసి ఉండకపోవచ్చు. తెలిస్తే ఏదైనా చేయడానికి వీలున్న విషయం అది. అందుకే నేను నా విద్యార్థులకు చెబుతుండేవాణ్ని: అందరూ ఒకలాగే ఉన్న చోట ప్రశ్న దొరకదు, ఒక్కలాంటి రెండు ఇళ్లు రెండు దారుల్లో పోయిన చోట వెతకండి అని.

ఇప్పుడు దాన్ని కాగితం మీద పెడదాం. మొదటి ప్రయత్నంలో ఇలా వస్తుంది: ‘వలస కుటుంబాల పిల్లల్లో కొందరు బడిలో ఎందుకు కొనసాగుతున్నారు, కొందరు ఎందుకు మానేస్తున్నారు?’ బాగుంది, కానీ ఇంకా వెడల్పుగా ఉంది. ఏ పిల్లలు? ఏ వయసు? ఎక్కడ? ఎప్పుడు? వీటికి జవాబు చెబుతూ పోతే ప్రశ్న తనంతట తానే చిక్కబడుతుంది.

‘ఎక్కడ’ అన్న దగ్గర మీకు ఒక పెద్ద చిక్కు ఉంది, దాన్ని మీరు చూసుకోలేదు. మీ శీర్షికలో ‘పాలమూరు జిల్లా’ అని ఉంది. ఏ పాలమూరు జిల్లా? 2011 జనగణన లెక్కలు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లావి. 2016 అక్టోబర్ 11న ఆ జిల్లా విడిపోయి మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల అయింది. షాద్‌నగర్, ఆమనగల్లు వైపు మండలాలు రంగారెడ్డిలోకి, కొడంగల్ వైపు మండలాలు వికారాబాద్‌లోకి పోయాయి. ఆ తర్వాత 2019 ఫిబ్రవరి 17న మీ నారాయణపేట వేరే జిల్లా అయింది. ‘2011లో మహబూబ్‌నగర్‌లో ఇంత, ఇప్పుడు ఇంత’ అని ఎవరైనా పట్టిక వేస్తే, ఆ రెండు అంకెలు ఒకే భూమి గురించి చెప్పవు. మీరు ఆ గొడవలో పడకండి. మీకు తెలిసిన మండలం ఒకటి, దానికి ఆనుకుని ఇంకొకటి తీసుకోండి. ఊరి పేరు, మండలం పేరు, ఏ సంవత్సరపు హద్దుల ప్రకారమో మొదటి అధ్యాయంలోనే రాయండి.

‘ఏ పిల్లలు’ అన్నది వేగంగా తేలుతుంది. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల గురించి మాట్లాడుతుంది, మీరూ ఆ వయసే తీసుకోవచ్చు. నా మాట వింటే ఇంకా తగ్గించి ఐదో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకానే పెట్టుకోండి. పనికి చేతికొచ్చే వయసు అదే, ఇంట్లో చిన్నదాన్ని ఎత్తుకోవడానికి ఆడపిల్లను వెంట తీసుకుపోయే వయసూ అదే.

ఇక పరికల్పన. మన దగ్గర దీన్ని ఒక అలంకారంలా వాడుతున్నారు, దానికి నేను బాధపడతాను. లక్ష్యాలు ఆరుంటే పరికల్పనలు ఎనిమిదో పదో ఉండాలని ఒక లెక్క, అన్నీ ‘గణనీయమైన తేడా లేదు’తో ముగియాలని ఇంకో లెక్క. అసలు పరికల్పన అంటే ఏమిటి? మీ ప్రశ్నకు మీరు ముందుగా ఊహించి, ధైర్యంగా చెప్పే జవాబు. ఆ జవాబు తప్పు అని తేలడానికి వీలుండాలి. వీలు లేకపోతే అది పరికల్పన కాదు.

మీరు రాసిన మొదటిది నాకు పంపారు: ‘వలసలు పిల్లల విద్యపై ప్రభావం చూపుతాయి.’ మీరు ఊరికి పోయి ఏం చూస్తే ఈ వాక్యం తప్పు అని ఒప్పుకుంటారు? మార్కులు తగ్గినా ప్రభావమే, పెరిగినా ప్రభావమే. హాజరు తగ్గినా అంతే. ఏం జరిగినా నిజమయ్యే వాక్యం ఇది. దీన్ని పరీక్షించడానికి ఊరికి పోవాల్సిన పనే లేదు.

దాని బదులు ఇది చూడండి: ‘వలస కుటుంబాల్లో, ఇంటి దగ్గర అవ్వో తాతో ఉండిపోయిన పిల్లలకు, అలాంటి పెద్దవాళ్లు ఎవరూ ఉండని పిల్లల కంటే, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా బడి హాజరు రోజులు ఎక్కువ.’ ఇది ఓడిపోగలదు. మీరు రెండు ఊళ్ల రిజిస్టర్లు తిరగేస్తే, అవ్వ ఉన్న ఇంటి పిల్లలు కూడా అంతే రోజులు మానేశారని తేలవచ్చు. అవ్వకు కండ్లు కనిపించక, ఆమెను చూసుకోవడానికే పిల్ల బడి మానేసిందని కూడా తేలవచ్చు. అట్లా తేలితే మీ పరిశోధన పాడైనట్టు కాదమ్మా. మీ అవ్వ విషయంలో నిజమైంది ఊరందరి విషయంలో నిజం కాదని మీరు కొత్తగా కనుక్కున్నట్టు.

ఆ వాక్యంలో ఏమేం ఉన్నాయో వేలు పెట్టి చూడండి. ఎవరిని ఎవరితో పోలుస్తున్నామో ఉంది: ఇద్దరూ వలస కుటుంబాల పిల్లలే. ఏది మారుతోందో ఉంది: ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారా లేదా. దేనిలో తేడా వెతుకుతున్నామో ఉంది: హాజరు రోజులు. ఏ కాలంలోనో ఉంది. ఎటు తేడా అన్నదీ ఉంది. సెమినార్‌లో సార్ అడిగినవి కూడా ఇందులోనే ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్లు ఉండటం, ఉండకపోవటం మీ స్వతంత్ర చరం, అంటే తేడాకు కారణమని మీరు అనుకునేది. హాజరు రోజులు మీ ఆధారిత చరం, అంటే దాన్ని బట్టి మారేది. ముందు పరికల్పన సరిగా రాస్తే చరాలు వాటంతటవే బయటపడతాయి. మీరు తిరగేసి చేశారు. ముందు వయసు, లింగం, కులం, ఆదాయం అని జాబితా రాసుకుని, తర్వాత వాటికి పని వెతికారు.

చరం అంటే పెద్ద మాటేమీ కాదు. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మారేది. మీరు తీసుకున్న పిల్లలందరూ సర్కారు బడి పిల్లలే అయితే ‘బడి రకం’ మీకు చరం కాదు, అది మారడం లేదు. ప్రైవేటు పిల్లలను కూడా కలిపితే చరం అవుతుంది. వయసు, లింగం, కులం కూడా అంతే. అవి అందరూ పెట్టే చరాలు కాబట్టి మీరూ పెట్టడం కాదు. ఒక్కొక్కదాని పక్కన ‘ఇది హాజరును ఎందుకు మార్చుతుంది’ అని ఒక్క వాక్యం రాయండి. రాయగలిగితే ఉంచండి. ఆడపిల్ల విషయంలో మీరు వెంటనే రాయగలరు, పైన చెప్పాను కదా, చంటిపిల్లను ఎత్తుకోవడానికి తీసుకుపోతారని.

ఆదాయం దగ్గర కొంచెం ఆగాలి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్న పాఠం.

చాలా ఏళ్ల కింద, దేవరకొండ వైపు ఒక తండాకు ప్రశ్నావళి పట్టుకుని పోయాను. అందులో ఏడో ప్రశ్న ‘మీ కుటుంబ నెల ఆదాయం ఎంత?’ కింద నాలుగు గళ్లు. ఒక పెద్దమనిషి మంచం మీద కూర్చుని అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పి, ఇక్కడికి రాగానే ‘ఏ నెల సంగతి సారూ?’ అని అడిగాడు. నాకు అర్థం కాలేదు. ఆయన విడమరిచి చెప్పాడు. దసరా ముందు మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు. అది బిడ్డ పెండ్లి బాకీ కిందికి ఆ రోజే పోతుంది. పని దగ్గర వారం వారం తిండి ఖర్చుకే ఇస్తారు. ఉగాదికి వచ్చేటప్పుడు లెక్క చూస్తారు. ఒక్కో ఏడు చేతికి ఏమైనా వస్తుంది, ఒక్కో ఏడు తిరిగి వీళ్లే బాకీ పడతారు, దానికోసం మళ్లీ ఏడు పోవాలి. ‘ఇగ నెలకు ఎంతని చెప్పాలె?’ అన్నాడు. నేను నాలుగు గళ్లలో ఒకదాంట్లో టిక్కు పెట్టి ఉండొచ్చు. నాకంటే ముందు ఎందరో పెట్టి ఉంటారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆ ప్రశ్న కొట్టేసి మూడు ప్రశ్నలు రాశాను: అడ్వాన్సు ఎంత, అది దేనికి పోయింది, తిరిగొచ్చినప్పుడు చేతిలో ఎంత ఉంది.

పుస్తకాల్లో కార్యాచరణ నిర్వచనం అని చదివి ఉంటారు. ఆ పెద్దమనిషి నాకు నేర్పింది అదే. చరానికి పేరు పెట్టడం సులువు, దాన్ని ఊళ్లో ఎట్లా కొలుస్తామో చెప్పడమే కష్టం. మీ ‘వలస’ అంటే ఎంతకాలం? హైదరాబాద్‌లో పదిహేను రోజుల అడ్డాకూలీ వలసేనా? ఒక్క తండ్రి పోతే వలస కుటుంబమా, తల్లి కూడా పోతేనేనా? నేనైతే ‘తల్లిదండ్రులిద్దరూ లేదా ఉన్న ఒక్కరూ, ఒక బడి సంవత్సరంలో వరుసగా మూడు నెలలకు తగ్గకుండా ఊరు దాటి పనిచేసిన ఇల్లు’ అని పెట్టుకుంటాను. మీరు వేరేగా పెట్టుకోవచ్చు. పెట్టుకున్నది మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా ఒకటే ఉండాలి, అంతే.

హాజరు కూడా తేలిక కాదు. రిజిస్టర్‌లోని హాజరు, తరగతిలో కూర్చున్న పిల్లల లెక్క ఒకటే అయి ఉంటుందని ముందే నమ్మకండి. నెలకు రెండుసార్లు చెప్పకుండా పోయి తలలు లెక్కపెట్టుకోండి. రెండు లెక్కలూ పక్కపక్కన రాయండి. పంతుళ్ల మీద తప్పు రాయడానికి కాదు, మీ ఆధారిత చరం ఎంత గట్టిదో మీకే తెలియాలి కాబట్టి.

చరాల్లో ఇంకో పొరపాటు ఉంది, అది కాలానికి సంబంధించినది. మా నల్లగొండ వైపు ఉదాహరణ అయితే బాగా అర్థమవుతుంది. ఫ్లోరైడ్ నీళ్ల బాధ మీకు చెప్పనక్కర లేదు. మునుగోడు, మర్రిగూడ, చండూరు వైపు మూడు తరాలు దాన్ని మోశాయి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీళ్లే దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణం. కృష్ణా నీళ్లు వచ్చాక పళ్ల మీద గారమరకలు తగ్గాయా అని ఒక అబ్బాయి చూడాలనుకున్నాడు. మంచి ప్రశ్న. డిగ్రీ చదివే పిల్లలను తీసుకున్నాడు, పళ్లు చూశాడు, ‘మీ ఇంట్లో ఇప్పుడు ఏ నీళ్లు తాగుతున్నారు’ అని అడిగాడు. కృష్ణా నీళ్లు తాగేవాళ్లకూ, బోరు నీళ్లు తాగేవాళ్లకూ తేడా రాలేదు. నీళ్ల వల్ల లాభం లేదని రాయబోయాడు.

ఎక్కడ తప్పిపోయాడు? పంటి మీద ఫ్లోరోసిస్ మరక పడేది పన్ను చిగురు లోపల తయారయ్యే వయసులో, సుమారుగా ఎనిమిదేళ్ల లోపు. ఇరవై ఏళ్ల పిల్లవాడి పళ్లు చెప్పేది పన్నెండు, పదిహేను ఏళ్ల కిందటి నీళ్ల సంగతి. అతను కొలిచిన ఆధారిత చరం అప్పటిది, స్వతంత్ర చరం ఇప్పటిది. అడగాల్సింది ‘మీరు పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఏ ఊళ్లో ఉన్నారు, అక్కడ ఏ నీళ్లు తాగారు’ అని. లేదంటే నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లలను, రాకముందు పుట్టిన వాళ్లను అదే ఊళ్లో, వాళ్లు ఒకే వయసులో ఉన్నప్పటి పళ్లతో పోల్చాలి.

మీకూ ఇదే ప్రమాదం ఉంది. మూడేళ్ల కింద ఏడో తరగతిలో బడి మానేసిన పిల్ల దగ్గరికి పోయి, ‘ఇప్పుడు మీ ఇంట్లో అవ్వ ఉందా’ అని అడిగితే, అవ్వ పోయిన ఏడు చనిపోయి ఉండొచ్చు. మీ కాగితంలో ‘పెద్దవాళ్లు లేరు’ అని పడుతుంది. మానేసిన ఆ ఏడు ఇంట్లో ఎవరున్నారో అడగండి. ప్రతి చరం పక్కన ‘ఎప్పటిది’ అని రాసుకోండి.

ఇప్పుడు మీ పరికల్పనను నేనే ఎదిరిస్తాను, ఎందుకంటే వైవాలో, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో, ఎవరో ఒకరు ఎదిరిస్తారు. అవ్వ ఉన్న ఇళ్లలో పిల్లల హాజరు ఎక్కువ అని తేలిందనుకుందాం. అది అవ్వ వల్లేనా? మూడెకరాలున్న ఇల్లు అయితే పొలం, గొడ్డూ గోదా చూసుకోవడానికి అవ్వను ఉంచి పోతారు. సెంటు భూమి లేని ఇల్లు అయితే ముసలామెను కూడా వెంట తీసుకుపోతారు, అక్కడ వంట చేస్తుందని. అంటే భూమి ఉండటం వల్లే అవ్వ ఊళ్లో ఉంది, భూమి ఉండటం వల్లే పిల్ల బడిలోనూ ఉంది. అవ్వకూ హాజరుకూ నడుమ మీరు చూసిన సంబంధం భూమి నీడ కావచ్చు. దీనికి మందు ఏమిటంటే భూమిని కూడా కొలవడం. భూమి లేని ఇళ్లనే విడిగా తీసి, వాటిలో అవ్వ ఉన్నవీ లేనివీ పోల్చండి. అప్పుడూ తేడా నిలిస్తే మీ మాటకు బలం వస్తుంది.

ఇంకొకటి, దీనికి జవాబు అంకెల్లో దొరకడం కష్టం. అవ్వ ఉందని పిల్లను బడిలో ఉంచారా, పిల్ల బాగా చదువుతోందని అవ్వను ఊళ్లో ఆపారా? కారణం ఎటు నుంచి ఎటు పోయింది? రిజిస్టర్ ఇది చెప్పదు. అవ్వే చెప్పాలి.

మీరు చేయాలనుకున్నది అదే కదా. మీ చివరి ప్రశ్న అసలు మొదట రావాల్సింది. ప్రతి పరిశోధనకూ పరికల్పన ఉండి తీరాలన్న నియమం పరిశోధన పద్ధతిలో ఎక్కడా లేదు. ‘ఎక్కువా తక్కువా’, ‘దేనివల్ల’ అన్న ప్రశ్నలను అంకెలతో తేల్చాలంటే పరికల్పన కావాలి. ‘ఎట్లా’ అన్న ప్రశ్నకు అక్కరలేదు. ‘పిల్లను ఉంచాలా, తీసుకుపోవాలా అని ఆ ఇంట్లో ఎట్లా నిర్ణయిస్తారు, ఎవరి మాట చెల్లుతుంది?’ అని అడుగుతూ అవ్వ పక్కన కూర్చున్నప్పుడు ముందే జవాబు ఊహించుకుని పోతే ఆమె చెప్పేది మీ చెవికి ఎక్కదు. అక్కడ ప్రశ్న చాలు. అవ్వల మాటల నుంచే తర్వాత కొత్త పరికల్పనలు పుడతాయి.

కాబట్టి మీ థీసిస్ రెండు భాగాలుగా చేయండి. మొదట అవ్వలతో మాట్లాడండి, పదిహేను ఇరవై మందితో, తొందర లేకుండా. అందులో విన్నదాన్ని బట్టి ఒకటో రెండో పరికల్పనలు, మించితే మూడు, రాసుకుని రెండో భాగంలో ఇళ్ల మీద పరీక్షించండి. వలస పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్ మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉందా? ఉంటే అది కూడా స్వతంత్ర చరమే. అవ్వ చేసే పనిని హాస్టల్ చేయగలదా అన్నది మంచి రెండో పరికల్పన అవుతుంది. మీ పాత ఎనిమిదీ తీసేయండి, జాలి పడకండి.

శూన్య పరికల్పన సంగతి. ఇది కేవలం రివాజు కాదు, దాని వెనక ఒక నిజాయితీ ఉంది. ఇంగ్లండ్‌లో రొథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసిన గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ 1935లో దీన్ని ఒక చాయ్ కథతో వివరించాడు. ఒకామె కప్పులో ముందు పాలు పోశారా, ముందు చాయ్ పోశారా అన్నది తాగి చెప్పగలనంటుంది. ఎనిమిది కప్పులు పెట్టారు, నాలుగు ఒక రకం, నాలుగు ఇంకో రకం. ఆమెకు ఏమీ తెలియదు, ఊరికే ఊహిస్తోంది అని మొదట అనుకోవాలి. శూన్య పరికల్పన అదే. ఎనిమిదిలో నాలుగింటిని ఎంచుకునే దారులు 70 ఉన్నాయి. ఊహించి చెబితే అన్నీ సరిగ్గా రావడానికి 70లో ఒక్క అవకాశం. అన్నీ సరిగ్గా చెప్పిందంటే ‘ఊరికే ఊహించింది’ అన్న మాట నిలబడటం కష్టం. ఒక్కో రకంలో ఒకటి తప్పినా లెక్క మారిపోతుంది. కనీసం అంత సరిగ్గా ఊహించి చెప్పడానికి 70లో 17 అవకాశాలు ఉన్నాయి, అప్పుడు ఆమె మాట నమ్మడానికి లేదు.

మీ విషయంలో శూన్య పరికల్పన ‘అవ్వ ఉన్న, లేని వలస ఇళ్ల పిల్లల సగటు హాజరులో తేడా లేదు’ అవుతుంది. మీరు నమ్మేది దానికి ఎదురుగా ఉంది. కానీ ముందు తేడా లేదనే అనుకుని, మీకు దొరికిన తేడా యాదృచ్ఛికంగా రావడం ఎంత కష్టమో చూస్తారు. కష్టమైతే శూన్య పరికల్పనను తోసిపుచ్చుతారు. కాకపోతే తోసిపుచ్చలేకపోయామని రాస్తారు. ‘తేడా లేదని రుజువైంది’ అని మాత్రం రాయకండి. ఇళ్లు తక్కువ తీసుకున్నా తేడా పట్టుబడదు. మన థీసిస్‌లలో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే, గైడ్లు కూడా దీన్ని దాటిపోనిస్తున్నారు. థీసిస్‌లో రెండూ రాయండి: మీరు ఊహించింది ఏమిటి, దానికి ఎదురు శూన్య పరికల్పన ఏమిటి. శూన్యం ఒక్కటే రాస్తే మీరు ఏం అనుకుంటున్నారో చదివేవాళ్లకు తెలియదు.

ఏ పరీక్ష వాడాలన్నది ఇప్పుడే వద్దు. హాజరు రోజుల సగటును రెండు గుంపుల మధ్య పోలిస్తే టీ టెస్ట్, ‘కొనసాగింది, మానేసింది’ అని లెక్కపెడితే కై స్క్వేర్, భూమి వంటివి కలిపి చూడాలంటే రిగ్రెషన్. చరాలు తేలాక గణాంకాలు తెలిసిన మనిషి దగ్గర అరగంట కూర్చుంటే తేలిపోతుంది.

చివరగా ఒక్కటి, దీన్ని మాత్రం వాయిదా వేయకండి. మీరు పంపిన షెడ్యూల్‌లో సర్వే డిసెంబర్, జనవరి అని రాశారు. ఆ నెలల్లో మీరు ఊళ్లోకి పోతే ఏ ఇళ్లు తలుపు తీస్తాయి? పోనివాళ్లవీ, అవ్వ ఉన్నవాళ్లవీ. పిల్లలతో సహా పోయిన ఇళ్లకు తాళం ఉంటుంది. మీ పోలికలో సగం ఆ తాళాల వెనకే ఉంది. ఆ ఇళ్లు జారిపోతే మిగిలిన వాళ్లతో మీ అవ్వ గెలిచినట్టే కనిపిస్తుంది, ఎదుటివాళ్లు లెక్కలోకే రాలేదు కాబట్టి.

అందుకని దసరాకు ముందే, బొంబాయి బస్సు కదలకముందే పోయి ప్రతి ఇంటినీ ఒక నోటుబుక్కులో ఎక్కించండి. ఇంట్లో ఎందరు, బడి ఈడు పిల్లలు ఎందరు, ఏ తరగతి, భూమి ఎంత, ఈ ఏడు ఎవరు పోవాలనుకుంటున్నారు, ఎవరు ఉండిపోతారు. వాళ్లు ఒప్పుకుంటే, పని దగ్గర కూడా అందే ఫోన్ నంబర్ ఒకటి రాసుకోండి. డిసెంబర్‌లో మళ్లీ పోయి ఏ ఇంటికి తాళం ఉందో గుర్తు పెట్టుకోండి. ఉగాదికి వాళ్లు తిరిగొచ్చాక తాళం తీసిన ఇళ్లకు మూడోసారి పోండి, పిల్ల ఎక్కడుందో, అక్కడ ఏదైనా బడికి పోయిందో అడగండి. మీ అమ్మానాయిన పోయిన దారి కాబట్టి మీకు ఆ తలుపులు తెరుచుకుంటాయి.